మోగని మెట్టు

మా చర్చి హాల్లో పియానోకి ఒక మెట్టు చచ్చిపోయింది.
పైస్థాయి ఎఫ్. నొక్కితే టక్కుమని చెక్క చప్పుడు,
అంతకు మించి ఏమీ రాదు.
బాగుచెయ్యగల మనిషి కొమానీ ఊరికంతటికీ ఒక్కడే,
వాడేమో ఈస్ట్ లండన్ వెళ్ళి గ్యాస్ పొయ్యిలమ్ముకుంటున్నాడు.

పధ్నాలుగేళ్ళ నొలువో మొదటిసారి పాడినప్పుడు
గొంతు సరిగ్గా అక్కడే రెండుగా విడిపోయింది.
కింది సగం అప్పుడే నిద్రలేచిన పిల్ల మాట,
గాలి ఎక్కువ, స్వరం తక్కువ.
పై సగం వేరే ఎవరిదో.
ఆవేళ రేకుల మీద వడగళ్ళు పడుతున్నాయి,
వాటిని దాటుకుని వినిపించింది.
నలభైమంది పిల్లలు తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఆగిపోయారు.
ముప్పయ్యేళ్ళు ఆల్టో వరసలో నిలబడినదాన్ని,
నాకు మాత్రం మధ్యలో ఖాళీ వినబడింది.
కింద ఇల్లుంది, పైన మేడ ఉంది,
నిచ్చెన లేదు.

జనానికి ఆ మేడే కావాలి.
పెళ్ళికి పిలిచి అదే పాడమన్నారు,
చావుకి పిలిచీ అదే.
దేవుడికి అది బాగా వినపడుతుందన్నారు మటివానె పాస్టరు గారు.
ఆయనకి చెవుడు లేదండీ, అన్నాను.

నేల మీద పడుకోబెట్టి
బొడ్డు మీద కీర్తనల పుస్తకం పెట్టాను.
పుస్తకం లేవాలి, భుజాలు లేవకూడదు.
పాములా బుస కొట్టమన్నాను, పన్నెండు లెక్కకే ఆగింది.
చంటిపిల్లలా పెదాలు బుర్రుమనిపించమంటే
నవ్వు ఆపుకోలేక ఒక వారం పోయింది.

పదహారో ఏట గొంతు బొంగురుపోయింది.
డాక్టరు చిన్న అద్దం పెట్టి చూసి
రెండు బియ్యపు నూకలంత వాపు అన్నాడు,
నెల్లాళ్ళు మౌనం అన్నాడు.
ఎందుకొచ్చిందో అడిగితే పిల్ల తల వంచుకుంది.
తెల్లారి ఐదింటికి టాక్సీ స్టాండులో,
మినీబస్సుల హారన్ల మీదుగా,
"అమగ్విన్యా! వేడి వేడి అమగ్విన్యా!"
వాళ్ళ పిన్ని వుయెల్వా వేయించే పిండి ముద్దలకి
అది ఆరేళ్ళుగా మైకు.

దెబ్బలాడదామనే వెళ్ళాను.
వుయెల్వా నూనెలోంచి చూపు తిప్పలేదు.
"అది అరవకపోతే ఎవరు కొంటారు?
నీ కీర్తనలు కొంటాయా?"
నా దగ్గర జవాబు లేదు.
నాలుగు కొనుక్కుని తిరిగొచ్చాను. బాగున్నాయి కూడా.

మర్నాడు బడి బీరువాలోంచి
పాత ఇత్తడి గంట తీసి పంపాను.
మొదటి రెండ్రోజులూ ఐస్‌క్రీమనుకుని పిల్లలు మూగారట.
మూడో వారానికి, ఇంతకుముందుకన్నా
రోజుకి పదకొండు ఎక్కువ అమ్ముడవుతున్నాయని
వుయెల్వా కబురు చేసింది.
థాంక్స్ మాత్రం చెప్పలేదు.

ఆ నెల్లాళ్ళూ నొలువో వచ్చి వెనక బెంచీలో కూర్చునేది.
ఎవరి ఊపిరి ఎక్కడ తెగుతోందో
నాకన్నా ముందు వేలు పెట్టి చూపించేది.
నోరు మూసుకున్న నెలలో నేర్చుకున్నంత
నేను రెండేళ్ళలో నేర్పలేదు.

తరవాత ఏడాదంతా ఐదే స్వరాలు,
నడుమవి, మెత్తగా,
పాలు పొంగు రాకుండా కాచినట్టు.
విసుగొచ్చి రెండుసార్లు మానేసింది.
రెండుసార్లూ నేను పిలవలేదు.

పద్దెనిమిదో ఏట, ఒక గురువారం,
పరధ్యానంలో స్వరాలు పైకి ఎక్కిస్తూ
చచ్చిన మెట్టు నొక్కేశాను.
టక్.
ఆ టక్ మీదుగా స్వరం నిండుగా వచ్చింది.
పై గొంతూ కాదు, కింది గొంతూ కాదు,
ఒకే మనిషిది.
మెచ్చుకుంటే తనని తాను వింటుందని భయపడి
చెయ్యి ఆపకుండా పై మెట్టుకి వెళ్ళాను.
"పియానో ఎప్పుడు బాగుచేయించారు?" అంది.

ఇప్పుడు కేప్‌టౌన్‌లో చదువుకుంటోంది.
మునుపటి మెరుపు లేదని పాస్టరు గారికి బాధ.
ఇంకా పదేళ్ళు పడుతుందని చెప్పాను,
ఆయన వయసు లెక్కేసుకుని ఊరుకున్నారు.

మొన్న ఆ గ్యాస్ పొయ్యిలవాడు ఊరొచ్చి
మెట్టు బాగుచేసి పెడతానన్నాడు, ఊరికే.
టీ ఇచ్చి పంపేశాను.
ఈ ఏడు పన్నెండేళ్ళ పిల్లొకతె చేరింది.